బావినీరును విషవైద్యుని చదువును

విషమనగానే మనకు మొదట స్ఫురించునది పాము. తరువాత తేలు. ఆ తరువాత, కథలలో పాలలో కలిపి త్రాగించిన గరళము. ఈ మూడింటికిని ఒక సమానలక్షణము కలదు. అవి త్వరగా పనిచేయును. పనిచేసినట్లు కంటికి కనబడును. కాని మా ప్రాంతమున ఏండ్లతరబడి తేటగా, చల్లగా, రుచిగా కుండలోనికి వచ్చి, త్రాగినవాని వెన్నెముకను కఱ్ఱవలె బిగించిన విషమొకటి కలదు. దానిని వైద్యులు మొదట ఎట్లు గుర్తించిరి, గుర్తించిన విద్య పల్లెటూరి వైద్యుని చేతికి చేరక ఎట్లు ఆగిపోయెను, విషవైద్యమను ప్రత్యేకవిద్యలో డాక్టర్లను తరిఫీదు చేయుట మనకేల అవసరము, అను మూడు సంగతులు ఈ ప్రసంగమున మనవి చేసెదను.

మాది మార్కాపురపు తావు. పడమట నల్లమల కొండలు, తూర్పున వెలిగొండలు. నడుమ గుండ్లకమ్మ. కంభము చెఱువు విజయనగరరాజుల కాలపుది. దానిక్రింద మాగాణి పచ్చగా నుండును. ఆ చెఱువు నీరు ఎక్కని నేలలన్నియు మెట్టలే. మార్కాపురపు పలకలమీద ఓనమాలు దిద్దని తెలుగుబిడ్డ ఒకప్పుడు అరుదుగా నుండెను. మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు పూర్వము కర్నూలు జిల్లాలోనివి. వానికి తూర్పుననున్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతములు నెల్లూరు జిల్లాలోనివి. 1970లో ఇవన్నియు క్రొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరినవి; 1972లో ఆ జిల్లాకు ప్రకాశము పంతులుగారి పేరు పెట్టిరి. జిల్లాల హద్దులు మాఱినను మా బావులు మాఱలేదు. రాతినేల, కొద్దివాన, లోతుబావి, ఈ మూడును మా వారసత్వము.

మా ఇంటి సంగతి చెప్పి చరిత్రలోనికి పోవుదును. మా నాయనగారి పండ్లు పసుపు, గోధుమ చారలతో నుండెడివి. మా ఊరివారందఱి పండ్లును అంతియే గనుక దానినెవ్వరును రోగమనుకొనలేదు. మా అమ్మ కృష్ణకాలువ క్రింది గ్రామమునుండి కాపురమునకు వచ్చినది. ఆమె పండ్లు ముత్యములవలె తెల్లగా నుండెడివి. ఇరుగుపొరుగువారు ఆమెను “తెల్లపండ్ల కోడలు” అని పిలిచెడివారు. ఆమెకు నలువదియేండ్లు దాటినపిమ్మట నడుము పట్టుట మొదలయ్యెను. తరువాత మెడ తిరుగుట మానెను. ఎవరైన వెనుకనుండి పిలిచినచో మనిషంతయు తిరుగవలసివచ్చెడిది. వైద్యులు దానిని వాతమనిరి. తైలములిచ్చిరి, నొప్పిమాత్రలిచ్చిరి, సూదులు వేసిరి. ఎనిమిదేండ్లు ఇట్లు గడచెను. ఆ ఎనిమిదేండ్లును ఆమె మా దిగుడుబావి నీరే త్రాగినది. ఆ సంగతి మఱల చెప్పుదును.

విషమును గుర్తించు విద్య మనదేశమునకు క్రొత్తది కాదు. ఆయుర్వేదముయొక్క ఎనిమిది అంగములలో అగదతంత్రమొకటి. అది కేవలము విషచికిత్సకు ఏర్పడినది. సుశ్రుతసంహితలో కల్పస్థానమను భాగమంతయు విషములకే కేటాయింపబడినది. కౌటిల్యుని అర్థశాస్త్రము రాజునొద్ద వైద్యులేగాక జాంగలీవిదులు, అనగా విషవిద్య నెఱిగినవారు, ఎల్లప్పుడు సమీపమున నుండవలెనని విధించినది. దీనినిబట్టి సామాన్యవైద్యుడు వేఱు, విషవైద్యుడు వేఱు అను తెలివి మనవారికి రెండువేలయేండ్ల నాడే కలదని తెలియుచున్నది. కాని ఆ తెలివి ఎవరిని కాపాడుటకు? ముందుగా రాజును. కాపువాని పొలములో కట్లపాము కరచినచో వానికి దక్కినది మంత్రగాడు.

మంత్రగాండ్రను నేను తిట్టబోను. పాము కరచిన ప్రతిసారియు విషమెక్కదు; విషము లేని పాములును అనేకములు కలవు; విషసర్పము సయితము కొన్నిసారులు కోరలు నాటియు విషము విడువదు. అట్టివారందఱును మంత్రమువలననే బ్రతికిరని జనులు నమ్మిరి. నిజముగా విషమెక్కినవాడు చచ్చినచో వాని ఆయువు తీరెననిరి. లెక్క వ్రాసికొనని విద్యకు ఓటమి కనబడదు. మంత్రమునకు లోపమిది. లెక్క వ్రాయుట మొదలుపెట్టినప్పుడే విషవైద్యము శాస్త్రమయ్యెను.

ఆ లెక్క మనదేశమున మొదలయిన తావులలో తెలుగుగడ్డ ఒకటియని చెప్పుటకు సంతోషముగా నున్నది. పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు 1780ల నాటికి విశాఖపట్టణము చేరెను. 1785లో ఈస్టిండియా కంపెనీవారికి ప్రకృతిశాస్త్రజ్ఞుడయ్యెను. కంపెనీ సిపాయిలును రైతులును పాముకాటున చచ్చుచుండ, ఏ పాము విషముగలది, ఏది కాదు అను విచారణ ఆయనపై పడెను. ఆయన పాములను తెప్పించి, చిత్రములు వ్రాయించి, కోరలు పరీక్షించి, 1796లో కోరమాండలు తీరపు సర్పములపై పెద్దగ్రంథమును ప్రకటించెను. పాములుపట్టువారు చెప్పిన తెలుగుపేళ్ళనే అందులో వ్రాసెను. రక్తపింజరను ఆయన “కాటుకరేకులపొడ” అని పేర్కొనెను. నేడు లోకమంతయు దానికి ఆయనపేరే పెట్టి పిలుచుచున్నది. కట్లపాముల జాతికి శాస్త్రజ్ఞులు వాడు “బంగారస్” అను లాటిను నామము మన “బంగారు” మాటయే. తెలుగువాడు తన భాషలో సర్పశాస్త్రమును చదువుకొనకపోయినను, సర్పశాస్త్రము మాత్రము తెలుగుమాటను నేర్చుకొన్నది!

పందొమ్మిదవ శతాబ్దమున విషవిద్య మఱియొక ఇంటికి కాపురమునకు పోయెను. ఆ ఇల్లు న్యాయస్థానము. పారిసునందు ఓర్ఫిలా అను పండితుడు 1814లో విషములపై గ్రంథము వ్రాసి, శవములో విషమును రసాయనపరీక్షచేత కనుగొనుమార్గమును స్థిరపఱచెను. ఆ మార్గమును మనదేశమునకు తెచ్చుటలో మద్రాసు ముందుండెను. 1849లో మద్రాసులో రసాయనపరీక్షకుని ప్రయోగశాల ఏర్పడెను. తరువాత కలకత్తా, ఆగ్రా, బొంబాయిలలో అట్టివి వెలసెను. పల్లెలో అనుమానపు చావు జరిగినచో ఉదరభాగములను సీసాలలో నుంచి సీలువేసి అక్కడికి పంపెడివారు. 1919లో విషముల అమ్మకమును అదుపుచేయు చట్టము వచ్చెను. 1920లో జైసింగ్ మోదీ వ్రాసిన వైద్యన్యాయశాస్త్ర విషశాస్త్ర గ్రంథము వెలువడి తరతరముల వైద్యవిద్యార్థులకు పాఠ్యపుస్తకమయ్యెను.

ఇందులో ఒక చిక్కు కలదు. వైద్యకళాశాలలో విషశాస్త్రము శవపరీక్షతో ముడిపడెను. విద్యార్థి ఉమ్మెత్తగింజకును మిరపగింజకును భేదము చెప్పగలడు. సంఖపాషాణపు పరీక్ష చెప్పగలడు. సాక్షి బోనులో నిలువబడి జవాబు చెప్పగలడు. కాని ఆ విషమే ఎక్కిన మనుష్యుడు ప్రాణముతో తన ముందు మంచముమీద పడియున్నపుడు, మొదటి గంటలో ఏమి చేయవలెను, రెండవ గంటలో ఏమి చేయవలెను అను విద్య వేఱు. అది వానికి అరకొరగానే అబ్బెడిది. విషము నేరమునకు సాక్ష్యమాయెను గాని రోగమునకు కారణమని తోచుట తగ్గెను. ఎవ్వరును పెట్టని విషము, నేలయే పెట్టిన విషము, ఈ చదువులో ఎక్కడను ఇమడదు.

ఇప్పుడు మా బావికి వత్తును. అమెరికాదేశమున కొలరాడో స్ప్రింగ్సు అను పట్టణమున ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు 1901నుండి అక్కడివారి పండ్ల మచ్చలనుగూర్చి ఆలోచించుచుండెను. ముప్పదియేండ్లు కారణము దొరకలేదు. 1931లో చర్చిల్ అను రసాయనజ్ఞుడు నీటిలో ఫ్లోరిను హెచ్చుగా నుండుటయే కారణమని కనుగొనెను. మఱుసటియేట కోపెన్‌హాగెన్‌లో క్రయొలైటు ఖనిజపు పొడి పీల్చిన కూలీల ఎముకలు గట్టిపడి తెల్లబడినట్లు ఎక్స్‌రే చిత్రములలో కనబడెను. ఒకచోట పండ్లు, ఒకచోట ఎముకలు. రెండింటికిని మూలము ఒకటే. మనదేశమున దీనిని ముందుగా పసిగట్టినవారు పశువైద్యులు. 1934లో హైదరాబాదు సంస్థానమందును, 1935లో మద్రాసు రాజధానియందును పశువులలో ఈ విషము కలదని వారు వ్రాసిరి. మనుష్యుడు నడుమునొప్పితోనే పనికి పోవును. ఎద్దు లేవలేనప్పుడు లేవదు. కనుక రైతు తన నడుమునకంటె ముందు ఎద్దు నడుమును చూపించుకొనెను.

1937లో అసలు సంగతి బయటపడెను. మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూటు 1899లో ఏర్పడినది. టీకాలు, నీటిపరీక్షలు దాని ముఖ్యమైన పనులు. దాని అధ్యక్షుడు హెన్రీ ఎడ్వర్డు షార్ట్. ఆయనతోకూడ సి. జి. పండిత్, టి. ఎన్. ఎస్. రాఘవాచారి అను ఇద్దఱు పనిచేసిరి. నెల్లూరు జిల్లా మెట్టతాలూకాలలో వ్యాపించియున్న ఈ రోగమును ముగ్గురును కలిసి 1937లో ఇండియన్ మెడికల్ గెజెటు పత్రికలో వర్ణించిరి. అదే యేట షార్ట్, మెక్‌రాబర్టు, బార్నార్డు, నాయరు అను నలుగురు మద్రాసు రాజధానిలోని రోగులనుగూర్చి మఱియొక వ్యాసము ప్రకటించిరి. భారతదేశమున మనుష్యులలో ఎముకల ఫ్లోరోసిసును తెలిపిన మొదటి వ్రాతలు ఇవియే. ఆ నెల్లూరు మెట్టలే తరువాత ప్రకాశము జిల్లాలో చేరినవి. మా పొరుగూళ్ళ వంగిన నడుములు ప్రపంచవైద్యశాస్త్రములో ఒక అధ్యాయమయ్యెను.

ఆ మనుష్యుల కూడికను గమనింపుడు. ఒకరు సూక్ష్మజీవుల నెఱిగినవారు, ఒకరు రోగిని పరీక్షించువారు, ఒకరు నీటిని కొలుచువారు. బార్నార్డు ఎక్స్‌రే విద్యలో ప్రవీణుడు, మద్రాసులో 1934లో తెఱవబడిన కిరణవైద్యసంస్థ ఆయనపేరనే కలదు. మంచము, బావి, ఎక్స్‌రే ఫలకము, ఈ మూడింటిని ఒకచోటికి తెచ్చినపుడే విషము చిక్కెను. షార్ట్ తరువాత 1948లో మలేరియా పరాన్నజీవి మనుష్యుని కాలేయములో దాగు దశను గార్న్‌హాముతో కలిసి కనుగొనెను. పండిత్ భారత వైద్యపరిశోధనా మండలికి మొదటి సంచాలకుడయ్యెను. వారు గొప్పవారైరి, అది న్యాయమే. వారు చూచిన రోగులు మాత్రము ఆ బావినీరే త్రాగుచుండిరి.

ఈ విషము పనిచేయు తీరు తెలిసికొనదగినది. మా ప్రాంతపు పెక్కు రాళ్ళలో ఫ్లోరిను గల ఖనిజములు కలవు. వాన తక్కువ గనుక భూమిలోని నీరు రాతితో చిరకాలము సహవాసము చేయును. అందు సున్నపుపాలు తగ్గి క్షారము హెచ్చినచో ఫ్లోరైడు మఱింతగా కరగును. ప్రపంచారోగ్యసంస్థ లీటరు నీటికి 1.5 మిల్లీగ్రాములు హద్దుగా పెట్టినది. మనదేశపు ప్రమాణము 1 మిల్లీగ్రామే మేలనియు, వేఱుగతి లేనిచో 1.5 వఱకు ఓర్వవచ్చుననియు చెప్పుచున్నది. లోనికి పోయిన ఫ్లోరైడు ఎముకలో స్థిరపడును. ఎముక చూచుటకు గట్టిపడును. కాని కీళ్ళకట్లు, వెన్నుపూసల నడుమ నరములు పోవు దారి, ఎముకవలె బిగిసి ఇఱుకగును. వెన్నుపాము నొక్కుకొనినచో కాళ్ళు చచ్చుబడును. దీనికి ముప్పది నలువదియేండ్లు పట్టవచ్చును. ఎండలో కూలిచేయువాడు రోజుకు నాలుగైదు లీటర్లు త్రాగును. నీడపట్టున కూర్చున్నవాడు రెండు త్రాగును. బావి ఒకటే, విషపు మోతాదు రెండింతలు. కాబట్టి కష్టజీవినే ఇది ముందు పట్టుకొనును.

మా అమ్మ పండ్లు తెల్లగానుండుటకు కారణమును ఇక్కడనే కలదు. పండు దవడలో తయారగు వయస్సులోనే ఫ్లోరైడు దానిని మచ్చపఱచును. ఎనిమిదేండ్ల తరువాత వచ్చిన నీరు ముందుపండ్లను ఏమియు చేయజాలదు. ఆమె కాలువనీటితో పెరిగినది గనుక పండ్లు బాగుపడెను. కాపురమునకు వచ్చిన పిమ్మట త్రాగిన నీరు ఎముకలలో చేరెను. మచ్చపండ్లు లేవు గనుక ఇది నీటిరోగము కాదని ఆమెను చూచిన వైద్యులనుకొనిరి. తప్పు వారి తెలివిది కాదు, వారికి అబ్బని చదువుది.

1980 ప్రాంతమున ఒక యువవైద్యుడు మా ఊరివైపు వచ్చెను. ఆయన అమ్మ నడుమును తాకకమునుపే, “అమ్మా, పెండ్లికి ముందు ఏ ఊరు? ఇక్కడ ఏ బావినీళ్ళు త్రాగుతారు?” అని అడిగెను. “మా దిగుడుబావి నీళ్ళే నాయనా, కొబ్బరినీళ్ళ మాదిరి వుంటాయి” అని ఆమె చెప్పెను. ఆయన మోచేతికి దిగువ ఎముకల ఎక్స్‌రే తీయించెను. రెండు ఎముకల నడుమనుండు పలుచని పొర సున్నమువలె గట్టిపడి తెల్లగా కనబడెను. నిదానము తేలిపోయెను. ఎనిమిదేండ్లలో ఎవ్వరికిని తోచని ప్రశ్న ఒకటి, పావుగంటలో రోగమును బట్టయలు చేసెను. ఆయనకు ఆ ప్రశ్న నేర్పిన గురువెవ్వరో గాని నేను ఆ గురువునకు నమస్కరించుచున్నాను.

1937కును మా అమ్మకును నడుమ శాస్త్రము నిద్రపోలేదు. 1955లో సిద్దిఖీ అను వైద్యుడు నల్లగొండ జిల్లా రోగులనుగూర్చి బ్రిటిషు మెడికల్ జర్నలులో వ్రాసెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహారసంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో బిడ్డల మోకాళ్ళు లోనికి వంగిపోవు రూపమును లాన్సెటు పత్రికలో తెలిపిరి. నాగపూరులోని పర్యావరణ పరిశోధనాసంస్థవారు 1970లలో సున్నము, పటిక కలిపి నీటిలోని ఫ్లోరైడును అడుగునకు దింపు విధానమును రూపొందించి దానికి నల్లగొండ పేరు పెట్టిరి. శాస్త్రము పత్రికలో నుండెను. రోగి పల్లెలో నుండెను. రెండింటికి నడుమ నిలువవలసిన వైద్యునికి ఈ చదువు ప్రత్యేకముగా చెప్పినవారు లేకపోయిరి.

నిదానవిషము సంగతి ఇట్లుండగా, త్వరితవిషముల సంగతి మా తావున ఎట్టిదో చూతము. నల్లమల అంచు గ్రామములలో వానకాలపు రాత్రి నేలమీద పండుకొన్నవానిని కట్లపాము కరచును. నొప్పి ఉండదు, వాపు ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అనును, కనుఱెప్పలు వాలును, ఊపిరి ఆడదు. తెలియనివాడు అజీర్ణమని మందిచ్చును. రక్తపింజర కరచినచో రక్తము గడ్డకట్టు గుణము పోవును. దానిని కనుగొనుటకు పెద్దయంత్రము అక్కఱలేదు. శుభ్రమైన గాజుగొట్టములో కొద్దిగా రక్తము తీసి, కదల్పక 20 నిమిషములుంచి, వంచి చూడవలెను, గడ్డకట్టనిచో విషమెక్కినట్లే. గాజుగొట్టము ప్రతి ఆసుపత్రిలోను కలదు. కదల్పక వేచియుండవలెనను తెలివికే తరిఫీదు కావలెను. 1895 నాటికే కాల్మెట్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాముకాటుకు విరుగుడు సీరమును తయారుచేసెను. నేడు మనదేశమున తయారగు సీరము తాచు, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర అను నాలుగింటికిని పనిచేయును. మందు ఉన్నది, ఎప్పుడు, ఎంత, దాని ప్రతికూలించుటను ఎట్లెదుర్కొనవలెను అనునది చదువు.

దీనికితోడు క్రొత్తవిషములు వచ్చినవి. 1930లలో జర్మనీలో గెర్హార్డు ష్రాడర్ పురుగులను చంపుటకై భాస్వరపు సమ్మేళనములను శోధించెను. ఆ కుటుంబపు మందులే ప్రత్తిచేలలోనికి, మిరపతోటలలోనికి వచ్చినవి. గాలివాలు చూడక పిచికారి కొట్టినవాడు చేనిలోనే కూలును. మనస్తాపమున తొందరపడినవాడును ఆసుపత్రికి వచ్చును. వారిలో పెక్కుమందిని సకాలమున ఇచ్చిన ఆట్రొపీనును, ఊపిరికి తోడ్పాటును బ్రతికించగలవు. బ్రతికినవానితో మంచిమాట మాట్లాడి మఱల ఇంటికి పంపుటయు విషవైద్యములో భాగమే.

అందువలన ఇతరదేశములలో ఈ విద్యను ప్రత్యేకశాఖగా నేర్పుచున్నారు. 1953లో షికాగో నగరమున మొదటి విషసమాచారకేంద్రము వెలసెను. ఏ వైద్యుడైనను టెలిఫోనులో అడిగి సలహా పొందవచ్చును. 1992లో అమెరికా వైద్యమండలులు విషవైద్యమును ఉపశాఖగా అంగీకరించినవి. అత్యవసరవైద్యమో, శిశువైద్యమో, నివారణవైద్యమో చదివి ముగించినవాడు తరువాత రెండేండ్లు ఫెలోగా చేరి, గురువుప్రక్కన నిలువబడి విషరోగులను చూడవలెను, టెలిఫోనులకు జవాబు చెప్పవలెను, కర్మాగారములకు పోయి గాలిని, నీటిని పరీక్షింపవలెను, ప్రయోగశాల అంకెలకు అర్థము చెప్పుట నేర్వవలెను. మనదేశమున ఢిల్లీలోని అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థలో 1995లో జాతీయ విషసమాచారకేంద్రము ఏర్పడి రాత్రింబవళ్ళు సలహా ఇచ్చుచున్నది.

ఇవన్నియు మహానగరపు మాటలు, మా మార్కాపురమునకేల అని అడుగువారుందురు. వారికి మహారాష్ట్రములోని మహాడ్ అను చిన్నయూరిని చూపుదును. అక్కడ హిమ్మత్‌రావు బవస్కర్ అను వైద్యుడు ఎఱ్ఱతేలు కుట్టి చచ్చుచున్న బిడ్డలను చూచి, రాత్రులు మంచముప్రక్కన కూర్చుండి, నాడి, రక్తపుపోటు, ఊపిరి గంటగంటకు వ్రాసికొనెను. ప్రాజోసిన్ అను రక్తపుపోటు మాత్రనే తేలువిషమునకు వాడవచ్చునని కనుగొని, 1986లో సహధర్మచారిణితో కలిసి లాన్సెటులో వ్రాసెను. లోకము ఆ పల్లెనుండి పాఠము నేర్చెను. విషమున్నచోటనే విషవైద్యుడు తయారగును. ఆ లెక్కను చూచితే మా మెట్టకంటె తగిన పాఠశాల ఎక్కడ దొరకును?

విషవైద్యులు లేమి నగరములకును తప్పలేదు. 1984 డిసెంబరులో భోపాలులో వాయువు విడివడినప్పుడు ఆసుపత్రులకు ఆ విషమేమో చెప్పువారు కరవైరి. 2020 మే 7న విశాఖపట్టణమున స్టైరీను ఆవిరి జనులమీద పడెను. అదే యేడు డిసెంబరులో ఏలూరున ఆరువందలమందికి పైగా మూర్ఛలతో ఆసుపత్రి చేరిరి. ఢిల్లీ నిపుణులు రోగుల రక్తములో సీసము, నికెలు హెచ్చుగా నున్నవని చెప్పిరి. నమూనాలు ఢిల్లీకిని హైదరాబాదునకును పోయి జవాబు వచ్చువఱకు ఆ ఊరి తల్లులు ఏ నీరు త్రాగించవలెనో, ఏ కూర వండవలెనో తెలియక గడిపిరి.

కనుక నా కోరిక చిన్నది. ఇట్టి ప్రాంతముల ఆసుపత్రులకు వచ్చు యువవైద్యులలో కొందఱనైనను విషవైద్యమున ఫెలోషిప్పు తరిఫీదునకు పంపవలెను. తరిఫీదులో సగము నగరపు అత్యవసరవార్డులోను, సగము నల్లమల అంచు గ్రామములలోను గడపవలెను. వారు బావులను కొలువవలెను, బడిపిల్లల పండ్లు చూడవలెను, పాముకాటు రోగుల లెక్క వ్రాయవలెను. శ్రీశైలమునుండి కృష్ణనీటిని సొరంగముల ద్వారా మా మెట్టలకు తేదలచిన వెలిగొండ పథకమునకు మా ప్రాంతపు నాయకుడు పూల సుబ్బయ్యగారి పేరు పెట్టిరి. నీరు మాఱుట ముఖ్యము, నేను కాదనను. కాని నీరు మాఱినను ముప్పదియేండ్లు ఎముకలో నిలిచిన విషము ఒక్కరోజున పోదు. ఆ రోగులను గుర్తించి, వెన్నుపాము నొక్కుకొనక మునుపే శస్త్రచికిత్సకు పంపవలసినవాడు వైద్యుడే.

మా అమ్మకు నిదానము తెలిసినపిమ్మట మేము వాననీటిని తొట్టిలో పట్టుట మొదలుపెట్టితిమి. ఆమె మెడ మఱల తిరుగలేదు; అంతవఱకు వచ్చినదానిని వెనుకకు మరల్చు మందు లేదు. కాని నా చెల్లెండ్రకును, తరువాతి బిడ్డలకును ఆ బావినీరు త్రాగించలేదు. నా మనుమరాలి పండ్లు తెల్లగా నున్నవి. ఆమె నవ్వినప్పుడెల్ల నాకు ఆ యువవైద్యుని ప్రశ్న జ్ఞప్తికి వచ్చును. రోగియొక్క నాడి చూచుటకు ముందు రోగియొక్క బావిని అడుగు వైద్యులు మా ఊళ్ళలో ఎందఱుందురో, మా నడుములు అంత నిటారుగా నుండును.